తొమ్మిది వరుసల తప్పొప్పుల పట్టిక

ఆ పుస్తకాన్ని నేను మూడుసార్లు దిద్దాను. ఒక్కసారి కూడా చదవలేదు.

ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. అందులో తొమ్మిది తప్పులు చేసింది నేనేనని మా ఆఫీసులో అందరికీ తెలుసు. ఒక స్కూల్లో మూడో తరగతి మొత్తానికీ తెలుసు. చదవకుండానే దిద్దానన్న సంగతి మాత్రం నా డైరీకి తప్ప ఎవరికీ తెలియదు. డైరీలో కూడా ఆ ముక్క పెన్సిల్‌తోనే రాసుకున్నాను, అవసరమైతే చెరిపేయవచ్చని.

మీరు ప్రూఫులు దిద్దే పనిలోకి కొత్తగా వచ్చి ఉంటే, నాకన్నా రెండు మూడేళ్ళే చిన్నవాళ్ళయి ఉంటారు. కాబట్టి పెద్దరికం వెలగబెట్టను. నా పరువు ఎలా పోయిందో చెబుతాను, అంతే.

మా ఆఫీసు అమీర్‌పేటలో, కోచింగ్ సెంటర్ల సందులో, ఒక జెరాక్స్ షాపు మీద రెండో అంతస్తులో ఉండేది. మెట్లెక్కి వచ్చేవాళ్ళలో సగం మంది "డెమో క్లాసు ఎన్నింటికండీ?" అని అడిగేవాళ్ళు. ఇక్కడ పిల్లలకు తెలుగు పుస్తకాలు వేస్తామని చెబితే జాలిగా చూసి దిగిపోయేవాళ్ళు.

ఉన్నది ముగ్గురం. సంపాదకుడు సార్‌ది గుంటూరు వైపు. ముప్ఫై ఏళ్ళుగా హైదరాబాదులో ఉంటున్నా "ఏంటమ్మా" అనే అనేవారు. పేజీలు కట్టే డీటీపీ ఆపరేటర్‌ని అందరం భాయ్ అనేవాళ్ళం. పాతబస్తీలో పుట్టి, ఉర్దూ బడిలో చదివి, తెలుగు అక్షరాలను కంప్యూటర్ మీద నేర్చుకున్న మనిషి. ఆయన వేళ్ళకు తెలిసినంత తెలుగు మాలో ఎవరి నోటికీ తెలియదు. మూడో మనిషిని నేను, ప్రూఫ్ రీడర్ని.

నేను మాట్లాడేదాన్ని కాదు. నాకున్నది ఒకటే మాట, "పర్లేదండి". టీ కావాలా అంటే పర్లేదండి. ఫ్యాన్ ఆపనా అంటే పర్లేదండి. కాలు తొక్కితే కూడా అదే. దాని అర్థం అవునో కాదో ఎదుటివాళ్ళే తేల్చుకోవాలి. నోటితో అనలేనివన్నీ పెన్సిల్‌తో అనేదాన్ని. ప్రతి మార్జిన్లోనూ కామాలు గుచ్చేదాన్ని. భాయ్ నాకు "కామా మేడమ్" అని పేరు పెట్టాడు. "సార్, గీ పిల్ల మాట్లాడదు గానీ, కాయితం మీద మస్తు కొట్లాడుతది" అనేవాడు.

చేరిన రోజే సార్ నాకు ఒక అట్టముక్క ఇచ్చారు. ఎవరిదో పెళ్ళి శుభలేఖను నిలువుగా కోసింది, దాని మీద సగం వినాయకుడు. ఆ అట్టను ఒక వరుస కింద పెట్టి, ఆ వరుస అయ్యాక కిందికి జరపాలి. కింద ఏముందో కనిపించకూడదు.

"చదవకమ్మా, చూడు" అన్నారు సార్. "చదివితే కథలో పడిపోతావు. పడ్డవాళ్ళకి తప్పులు కనిపించవు."

ఇంట్లో మంచం కింద పెట్టె నిండా పుస్తకాలు దాచుకుని, ఎవరైనా వస్తే దుప్పటి కిందికి లాగి కప్పేసే పిల్లను నేను. నన్ను చదవొద్దనడం మిఠాయి దుకాణంలో కూర్చోబెట్టి తూకం మాత్రం వేయమనడమే. కానీ ఉద్యోగం కదా, నేర్చుకున్నాను. ఆరు నెలలకు ఎంత బాగా నేర్చుకున్నానంటే, పేజీలో పిల్లవాడు బావిలో పడ్డా నాకు 'బావిలో' అన్న మాటకు దీర్ఘం ఉందా లేదా అన్నదే కనిపించేది.

అలాంటి రోజుల్లో ఆ పుస్తకం వచ్చింది.

రాసినావిడ పంజాగుట్టలో ఒక ఆఫీసులో పనిచేసేవారు. రాజమండ్రి మనిషి. అంతకు ముందు ఒక్క కథా రాయలేదు. ఆవిడ కూతురికి ఎనిమిదేళ్ళు, ఆటిజం ఉంది. తోటి పిల్లలకు అర్థమయ్యేలా ఆ పాప మీదే కథ రాశారు. కథలో ఎక్కడా ఆటిజం అన్న మాట లేదు. చివర్లో పెద్దవాళ్ళకోసం రాసిన పేజీలో మాత్రం ఉంది.

బొమ్మలు చూసుకోవడానికి ఆవిడ నాలుగైదు సార్లు వచ్చారు, పాపను తీసుకునే. పాప ఎవరి ముఖంలోకీ చూసేది కాదు. తిన్నగా భాయ్ బల్ల కిందున్న కాగితం తుక్కు బుట్ట దగ్గరికి వెళ్ళి, కత్తిరించి పడేసిన ముక్కలన్నీ తీసి నేల మీద పొడవు వారీగా పేర్చేది. రెండోసారి వచ్చేసరికి భాయ్ రంగు కాగితాల ముక్కలు విడిగా దాచి ఉంచాడు. వెళ్ళేటప్పుడు ప్రతిసారీ ఆయన తలుపు దగ్గరికి వచ్చి ఒకే మాట అడిగేవాడు.

"మళ్ళొస్తవా?"

పాప జవాబు చెప్పేది కాదు.

"ఏమీ అనుకోకండి భాయ్" అనేవారు వాళ్ళమ్మ.

"అనుకునేటందుకేమున్నది మేడమ్? అడుగుడు నా పని. చెప్పుడు, చెప్పకపోవుడు ఆమె ఇష్టం."

ఒకసారి పాప నా బల్ల దగ్గరికి వచ్చింది. నా చేతిలో ఒక కొస ఎరుపు, ఒక కొస నీలం ఉండే పెన్సిల్ ఉంది. దానికేసి చూస్తూ, "నీకు పెన్సిల్ ఇవ్వనా?" అంది.

"పర్లేదండి" అన్నాను. ఎనిమిదేళ్ళ పిల్లతో.

పాప కదల్లేదు. "నీకు పెన్సిల్ ఇవ్వనా?"

"వద్దండి, నా దగ్గరుంది" అని ఆ పెన్సిల్‌నే ఎత్తి చూపించాను.

పాప ఇంకాసేపు నిలబడి వెళ్ళిపోయింది. ఆ రోజు డైరీలో ఇలా రాసుకున్నాను: 'ఇవాళ ఒక పాప నాకు పెన్సిల్ ఇస్తానంది. ఎంత మంచి పిల్లో. ఆ పిల్ల చేతిలో పెన్సిల్ మాత్రం లేదు.'

అన్నీ రాసుకుంటాను గానీ ఏమీ అర్థం చేసుకోను అనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

మూడో ప్రూఫు నా దగ్గరికి వచ్చినప్పుడు అట్టముక్క జరుపుకుంటూ పోతున్నాను. ఒక వరుసలో, 'నీకు నీళ్ళు కావాలా? అంది పాప.' తర్వాతి వరుసలో, 'అమ్మ గ్లాసు ఇచ్చింది. పాప గటగటా తాగింది.' నాకు వెంటనే తప్పు దొరికింది. తాగింది పాప అయితే అడిగింది తన కోసమేగా? 'నీకు' ఎలా అవుతుంది? మొదటి రెండు ప్రూఫుల్లో ఇది నా కంటపడలేదే అని సిగ్గుపడి, 'నాకు నీళ్ళు కావాలి' అని దిద్దాను. వెనక్కీ ముందుకీ వెతికితే అలాంటివి ఇంకా ఎనిమిది దొరికాయి. నీకు అని ఉన్నచోటల్లా నాకు, నువ్వు అని ఉన్నచోట నేను, నిన్ను అని ఉన్నచోట నన్ను.

భాయ్ దిద్దుబాట్లు ఎక్కిస్తూ తల పైకెత్తాడు. "బేటా, గీ పాప మాటలు సుత మార్చాల్నా? ఉంచాల్నా?"

"పర్లేదండి" అన్నాను.

ఆయన మార్చేశాడు.

ఆ రోజు డైరీలో: 'తొమ్మిది సర్వనామాలు పట్టుకున్నాను. సార్ చూస్తే సంతోషిస్తారు.'

గురువారం మధ్యాహ్నం పుస్తకాల కట్టలు వచ్చాయి. కాసేపటికి ఆవిడా వచ్చారు, ఆ రోజు ఒక్కరే. శనివారం పంజాగుట్టలో ఒక స్కూల్లో మూడో తరగతి పిల్లలకు ఆ కథ చదివి వినిపించాలి, సోమవారం పాప ఆ తరగతిలోనే చేరాలి. పుస్తకం ముందు వెళ్ళి, పాప వెనక వెళ్ళాలన్నది ఏర్పాటు.

ఆవిడ పుస్తకం వాసన చూసి, బొమ్మల మీద చెయ్యి వేసి, నవ్వుతూ పేజీలు తిప్పారు. ఒకచోట ఆగారు. వేలు పెట్టి పైకే చదివారు.

"నాకు నీళ్ళు కావాలి, అంది పాప."

ఇంకో రెండు పేజీలు తిప్పి పుస్తకం మూసేశారు. కేకలు వెయ్యలేదు. చాలా నెమ్మదిగా అన్నారు.

"మా పాప ఇలా అనగలిగితే నేనీ కథ రాసే పనే లేదు కదండీ."

ఆవిడే చెప్పారు. పాత స్కూల్లో ఒక రోజు పాప నీళ్ళసీసా మూత బిగుసుకుపోయింది. పాప పక్కనున్న అమ్మాయిని అడిగింది, "నీకు నీళ్ళు కావాలా?" అని. ఆ అమ్మాయి వద్దంది. వెనకున్న అబ్బాయిని అడిగింది, వాడూ వద్దన్నాడు. బల్లబల్లకీ తిరిగి అడిగితే అందరూ మర్యాదగా వద్దన్నారు. సాయంత్రం పాప పెదాలు ఎండిపోయి, నిండు సీసాతో ఇంటికి వచ్చింది.

"మనం ఇచ్చేముందు అలాగే అడుగుతాం కదండీ, నీకు నీళ్ళు కావాలా అని. ఆ మాట వినపడ్డాకే దానికి నీళ్ళొస్తాయి. అందుకని దాహమేస్తే ఆ మాటే అంటుంది. కథంతా అదేనండీ. ఆ పిల్లలకి తెలియాల్సింది అదొక్కటే."

సార్ గొంతు సవరించుకున్నారు. "అమ్మా, ఇది కన్వర్షన్ సమస్యండీ."

దీని గురించి మీకు చెప్పాలి. రచయితలు ఫోన్లో టైపు చేసి పంపినదాన్ని మా పాత ఫాంటులోకి మార్చేటప్పుడు కొన్ని ఒత్తులు, సున్నాలు ఎగిరిపోతాయి. దాన్నే కన్వర్షన్ అంటాం. ఆఫీసులో ఏ నేరం జరిగినా దాని మీదికే తోస్తాం. పాపం దానికి నోరు లేదు. ఒత్తులు తినే కన్వర్షన్ సర్వనామాలు ఎప్పటినుంచి తింటోందని ఆవిడ అడగలేదు. నేను నా అట్టముక్క మీద సగం వినాయకుణ్ణి చూస్తూ కూర్చున్నాను.

ఆవిడ కాసేపు మంచినీళ్ళు తాగడానికి బయటికి వెళ్ళగానే సార్ పిలిచారు.

"ఏమ్మా కన్వర్షన్, ఇలా రా."

వెళ్ళాను.

"నేను అడిగిన సార్" అన్నాడు భాయ్. "పర్లేదండి అన్నది. గా మాట అర్థం ఇన్ని నెలలల్ల మనకే తెల్వలే, నా కంప్యూటర్‌కు ఏం తెలుస్తది?"

నాకు ఏడుపొచ్చింది. భాయ్ కంగారుపడి, "అరే, ఫికర్ చేయకు బేటా, నేను ఊకనే అన్న. తప్పు నాది సుత ఉన్నది. సమజ్ కాకున్నా మార్చిన" అన్నాడు.

రెండు రోజుల్లో మళ్ళీ అచ్చు వేయించడం అయ్యే పని కాదు. పేజీల మీద కాగితం అతికిద్దామన్నాడు భాయ్. చివరికి సార్ ముక్కుమీది కళ్ళజోడు తీసి తుడుస్తూ అన్నారు. "మా కాలంలో తప్పొప్పుల పట్టిక వేసేవాళ్ళం. ఎడమవైపు తప్పు, కుడివైపు ఒప్పు. చిన్న చీటీ. పుస్తకంలో పెట్టేద్దాం."

అప్పటికి తిరిగి వచ్చిన ఆవిడ విన్నారు. "పిల్లలు పట్టికలు చదువుతారాండీ?"

"పెద్దవాళ్ళు చదవరమ్మా, అది మాత్రం ఖాయం. పిల్లల సంగతి చూద్దాం."

పట్టిక రాసే పని నాకే పడింది. కాగితం రీముల వెనక, ఎవరికీ కనిపించని మూలలో నేల మీద కూర్చున్నాను. అట్టముక్క బల్ల మీదే వదిలేసి వచ్చాను. మొదటి పేజీ నుంచి చివరిదాకా, అప్పుడు, మొట్టమొదటిసారి, చదివాను.

మంచి కథ. ఎవరికైనా మంచి కథ. నాకు మాత్రం ఇంకొకటి కూడా. నీకు పెన్సిల్ ఇవ్వనా అని నా బల్ల దగ్గర అంతసేపు నిలబడిన పిల్ల ప్రతి పేజీలోనూ ఉంది. వద్దండి, నా దగ్గరుంది అన్నవాళ్ళు కూడా ప్రతి పేజీలోనూ ఉన్నారు.

పట్టికలో తప్పు, ఒప్పు అని రెండు గడులు గీశాను. తొమ్మిది వరుసలు నింపాను. ఎడమవైపు నేను దిద్ది పాడుచేసినవి, కుడివైపు పాప మాటలు. చూస్తే నవ్వొచ్చింది. వ్యాకరణం ప్రకారం సరైనవన్నీ తప్పులో ఉన్నాయి, సరికానివన్నీ ఒప్పులో ఉన్నాయి. పిల్లలకు ఇది సరిపోదనిపించి మూడో గడి గీశాను. దానిపైన 'అంటే' అని రాశాను. ఆ గడి నింపడం నావల్ల కాదు. ఆ అర్థాలు తెలిసినది ఒక్కరికే.

ఫోను చేయాలి. నాకు ఫోనంటే ఎంత భయమంటే, పిజ్జా వాళ్ళు ఇల్లెక్కడని అడిగినా తమ్ముడికి ఇచ్చేసేదాన్ని. చెప్పాల్సినదంతా కాగితం మీద రాసుకుని, రెండుసార్లు చదువుకుని చేశాను.

"నమస్తే అండీ, నేను ప్రూఫ్ రీడర్ని. ఆ తొమ్మిది తప్పులు... కన్వర్షన్ కాదండీ."

"తెలుసండీ" అన్నారావిడ. "కన్వర్షన్ అంత శ్రద్ధగా ఎక్కడా చెయ్యదు."

రాసుకున్న కాగితంలో దీనికి జవాబు లేదు. అదృష్టవశాత్తూ ఆవిడ నవ్వారు. ఒక్కొక్క మాటా చదివాను, ఆవిడ అర్థం చెప్పారు. 'నీకు నిద్రొస్తోందా?' అంటే ఇక్కడ జనం ఎక్కువయ్యారు, వెళ్ళిపోదాం. 'నీకు చెవి నొప్పా?' అంటే మిక్సీ ఆపండి. 'నువ్వు మంచిదానివి కదూ?' అంటే నేను ఏదో పారేశాను, ఇంకా మీరు చూడలేదు. ఎనిమిది వరుసలు అయ్యాయి. తొమ్మిదోది చదివాను.

"నిన్ను పిలిచామా?"

"అది నాకూ తెలియదండీ. పార్కులో అంటుంది, మెట్ల మీద అంటుంది. ఎక్కడ నేర్చుకుందో తెలియదు. అంటూ ఉంటుంది కాబట్టి కథలో రాశాను. ఆ గడి ఖాళీగా వదిలేయండి."

శుక్రవారం భాయ్ ఆ చీటీని ఎంత అందంగా పేర్చాడంటే, పుస్తకం కన్నా అదే బాగుంది. అడుగున సార్ పాత పద్ధతిలో ఒక వాక్యం రాయించారు: 'చదివే ముందు ఈ తప్పులను మీ చేత్తో సవరించుకోగలరు.' శనివారం పొద్దున చీటీలన్నీ కోసి, పుస్తకాల్లో దూర్చి, నేనూ భాయ్ ఆయన స్కూటరు మీద బయలుదేరాం. కట్టలు నా ఒళ్ళో, ముందు ఆయన కాళ్ళ దగ్గర. పంజాగుట్ట కూడలి దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని, మెట్రో రైలు మా నెత్తి మీదుగా వెళ్ళిపోతుంటే భాయ్ అన్నాడు, "చూడు కామా మేడమ్, మనల్ని చూసి గది సుత నవ్వుకుంట పోతున్నది."

స్కూల్లో తెలుగు పీరియడ్. టీచర్ పుస్తకాలు పంచారు. పాప, వాళ్ళమ్మ కిటికీ దగ్గర ఉన్నారు. పాప నేల మీద కూర్చుని భాయ్ తెచ్చిన రంగు కాగితాలు పేరుస్తోంది. నేను తలుపు దగ్గర, సగం లోపలా సగం బయటా, పారిపోవడానికి అనువుగా నిలబడ్డాను.

"టీచర్, ఇందుల ఏదో చీటీ పడ్డది!"

టీచర్ తప్పొప్పుల పట్టిక అంటే ఏమిటో చెప్పారు. తరగతిలో కలకలం.

"పుస్తకంలో సుత తప్పులుంటయా టీచర్?"

"పెద్దోళ్ళు చేసినవా?"

"మనం దిద్దాలా? నిజంగా? పెన్నుతోనా?"

ఆ ఆనందం మీరు చూడాల్సింది. ఏడాది పొడుగునా ఎర్ర సిరా తిన్న పిల్లలకు ఒక్కసారి ఎర్ర సిరా చేతికిచ్చినట్టయింది. కథ మొదలుపెట్టకముందే అందరూ తలలు వంచి, నాలుకలు బయటపెట్టి, 'నాకు' కొట్టేసి 'నీకు' రాస్తున్నారు. పాప మాటలను తొమ్మిదింటినీ ప్రతి పిల్లా తన చేత్తో రాస్తోంది. అచ్చులో సరిగ్గా పడి ఉంటే వాళ్ళు వాటి మీదుగా జారిపోయేవాళ్ళే, నాలాగే.

ముందు బల్లలో రెండు జడలకు ఎర్ర రిబ్బన్లు కట్టుకున్న అమ్మాయి రాయడం ఆపింది. "టీచర్, గిది రాంగ్. ముందున్నదే కరెక్ట్. నాకు నీళ్ళు కావాలి, గట్లనే అనాలె. ఎవరు చేసిండ్రు గిది?"

టీచర్ పాప వాళ్ళమ్మ వైపు చూశారు. ఆవిడ నా వైపు చూశారు. భాయ్ పైకప్పు వైపు చూశాడు.

చదువుకున్న రోజుల్లో నేను తరగతిలో ఒక్కసారీ చెయ్యెత్తలేదు. ఆ రోజు ఎత్తాను.

"నేనే చేశాను. పాప 'నీకు నీళ్ళు కావాలా' అంది. అది తప్పనుకుని 'నాకు' అని మార్చాను. నీకు అనిపించినట్టే నాకూ అనిపించింది."

"మరి కరెక్టే కదక్కా?"

రాసుకున్న కాగితం లేదు. "నీకు నీళ్ళిచ్చే ముందు మీ అమ్మ ఏమని అడుగుతుంది?"

"నీళ్ళు కావాలా అని."

"ఆ మాట తర్వాతే కదా నీళ్ళొచ్చేది?"

ఆ అమ్మాయి కాసేపు ఆలోచించింది. "ఔ." మళ్ళీ ఆలోచించింది. "అయితే నీకు తొమ్మిదికి సున్నా."

తరగతంతా నవ్వింది. భాయ్ అందరికన్నా గట్టిగా నవ్వాడు.

తర్వాత టీచర్ కథ చదివారు. మాట వచ్చినప్పుడల్లా పిల్లలు చీటీలో వేలు పెట్టి, "మూడో వరుస!" "ఆరో వరుస!" అని అరుస్తూ మూడో గడిలో ఉన్నది చదివారు. చివరి పేజీకి వచ్చాక ఎర్ర రిబ్బన్ల అమ్మాయి మళ్ళీ లేచింది.

"టీచర్, తొమ్మిదో దాంట్ల 'అంటే' ఖాళీగున్నది."

"అది ఎవరికీ తెలియదమ్మా. వాళ్ళమ్మగారికి కూడా" అన్నారు టీచర్.

"గిది తెల్వకపోవుడేంది?" అంది ఆ అమ్మాయి. "మా అక్కోళ్ళు ఆడుకుంటుంటే నేను పోతే గట్లనే అంటరు. నిన్ను పిలిచినమా, పో అని. అంటే ఆమెకు ఆటలకు రావాలని ఉన్నట్టు."

పాప వాళ్ళమ్మ కిటికీ ఊచ పట్టుకున్నారు. పార్కులో, మెట్ల మీద, ఎక్కడెక్కడ పాప ఆ మాట అందో అన్నీ ఒక్కసారి ఆవిడ కళ్ళ ముందుకు వచ్చి ఉంటాయి. అక్కడ ఎవరెవరు ఆడుకుంటూ ఉన్నారో కూడా. ఆ అమ్మాయి అప్పటికే కూర్చుని, ఖాళీ గడిలో పెద్ద అక్షరాలతో రాసుకుంటోంది. అందరూ చూసి రాసుకున్నారు. 'రావాలని' అన్న మాటను నలుగురు తప్పు రాశారు. నేను దిద్దలేదు.

ఇంటర్వెల్‌లో పిల్లలు వరండాలో సుద్దతో గడులు గీసి తొక్కుడుబిళ్ళ ఆడుతున్నారు. పాప రంగు కాగితాలు గుప్పిట్లో పట్టుకుని అటు నడిచింది. గీత ముందు ఆగి, ఎవరి వైపూ చూడకుండా, నేలకేసి చెప్పింది.

"నిన్ను పిలిచామా?"

ఎర్ర రిబ్బన్ల అమ్మాయి ఒంటికాలి మీద ఉంది. కాలు కింద పెట్టకుండానే, వెనక్కి తిరక్కుండానే అంది.

"పిలిచినం. రా."

పాప గడుల మధ్యకు వెళ్ళి కూర్చుంది. గీతల వెంబడి కాగితాలు పేర్చడం మొదలుపెట్టింది. ఆట ఆమె చుట్టూ సాగింది. ఒక అబ్బాయి "ఆమె ఔట్!" అన్నాడు. ఇంకొకడు "ఆమె ఔట్ కాదు, ఆమెనే లైను" అన్నాడు. వాదన తెగలేదు, గంట కొట్టారు. అంతే జరిగింది. సోమవారం నుంచి అన్నీ సవ్యంగా సాగాయని చెబితే అబద్ధం అవుతుంది. పాప ఏడ్చిన రోజులూ, వాళ్ళమ్మను స్కూలుకు పిలిపించిన రోజులూ ఉన్నాయని విన్నాను. కానీ సీసా మూత ఎవరో ఒకరు తీసేవాళ్ళట. తీసేముందు "రెండో వరుస" అని అరిచేవాళ్ళట.

పుస్తకం రెండోసారి అచ్చు వేసినప్పుడు పాప మాటలన్నీ సరిచేశాం. అప్పుడు కొత్త చిక్కు వచ్చింది. స్కూళ్ళ వాళ్ళు చీటీ ఏదని అడగడం మొదలుపెట్టారు. "తప్పులు లేకుండా తప్పొప్పుల పట్టిక ఎలా వేస్తామండీ?" అని సార్ తల పట్టుకున్నారు. "ఏముంది సార్" అన్నాడు భాయ్, "మన కామా మేడమ్‌తోని మళ్ళొకసారి దిద్దిద్దాం."

నా అట్టముక్క అంటారా? ఇప్పటికీ వాడుతున్నాను, సార్ చెప్పింది అబద్ధమేమీ కాదు. కాకపోతే ముందు ఒకసారి అట్ట లేకుండా చదువుతాను. కథలో పడతాను. పడి లేచి, దుమ్ము దులుపుకుని, అప్పుడు అట్ట తీస్తాను. మీరూ అలా చెయ్యండి. పని కాస్త ఆలస్యమవుతుంది. ఎవరైనా అడిగితే కన్వర్షన్ అని చెప్పండి.

ఏడాది తర్వాత నేను బేగంపేటలో ఇంకో ఉద్యోగానికి మారాను. చివరి రోజు సాయంత్రం వాళ్ళమ్మ పాపను తీసుకుని వచ్చారు. పాప తుక్కు బుట్ట వైపు వెళ్ళబోయి నా బల్ల దగ్గర ఆగింది. ఎరుపు నీలం పెన్సిల్ ఇంకా అక్కడే ఉంది, బాగా అరిగిపోయి.

"నీకు పెన్సిల్ ఇవ్వనా?" అంది.

ఇచ్చేశాను. పాప రెండు కొసలూ చూసి గుప్పిట్లో పెట్టుకుంది.

వెళ్ళే వేళకు భాయ్ లేడు, నమాజుకు వెళ్ళాడు. తలుపు దాకా నేనే వెళ్ళాను. ఏమనాలో తెలియక, నాకు వచ్చిన ఒక్క మాటా అనబోయి, మింగేశాను. పాప ఒక మెట్టు దిగింది. ఆగింది. నా ముఖంలోకి కాదు, నా చెప్పుల వైపు చూస్తూ, వాళ్ళింట్లో ఎవరూ మాట్లాడని యాసలో, అచ్చం భాయ్ గొంతుతో అంది.

"మళ్ళొస్తవా?"